మాతృవంశానికి తండ్రి పత్రం

మా ఇంటి నుంచి మొట్టమొదట హైదరాబాదు వెళ్లింది మా అమ్మమ్మ ఉమ్మి. అమ్మమ్మ ఇంతవరకూ వెళ్లలేదు.

పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షల మధ్య ఒకరోజు మా బడి ముందు తెల్ల వ్యాను ఆగింది. అందులోంచి డాక్టర్ వారిజ అనే మేడం దిగారు. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు. మనుషులు ఎక్కడి నుంచి బయలుదేరి ఎక్కడెక్కడికి నడిచి వెళ్లారో కనుక్కునే డాక్టరు. అందుకు ఊరివాళ్లు చిన్న ప్లాస్టిక్ గొట్టంలో కాస్త ఉమ్మి ఇస్తే చాలట. రక్తం తీయరని తెలియగానే ఊరంతా వచ్చి వరుస కట్టింది. మా అమ్మమ్మ కొమురవ్వ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గింతేనా బిడ్డా? ఇంకో రెండియ్యి, నింపిస్త," అంది.

మే నెలలో మేడం మళ్లీ వచ్చి మమ్మల్ని బడికి పిలిపించారు. ఏడు వందల గొట్టాల్లో నాలుగింటిలో మాత్రం చాలా అరుదైన వంశం ఒకటి కనబడిందని చెప్పారు. దాని పేరు ఎం-నూట పదకొండు. ఆ నలుగురు మా అమ్మమ్మ, మా ఐలయ్య మామ, మా అమ్మ భూలక్ష్మి, నేను.

"ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. కొడుక్కీ వస్తుంది, కూతురికీ వస్తుంది. కాని కొడుకు దగ్గర ఆగిపోతుంది. కూతురైతే తన పిల్లలకు అందిస్తుంది," అన్నారు మేడం.

మామ తన చేతులు చూసుకుని, "అంటే నా పిల్లలకు లేనట్టేనా మేడం?" అన్నాడు.

"లేదండి. వాళ్లకు వాళ్లమ్మది వస్తుంది."

ఈ వంశం మా ఊళ్లో కాక, సముద్రం ఒడ్డున రెండు చేపల పల్లెల్లో మరో తొమ్మిదిమందికి ఉందట. మధ్యలో ఎక్కడా లేదట. ముప్పై వేల ఏళ్ల కిందట తీరం వెంట నడిచి వచ్చిన ఆడవాళ్లలో ఎవరో ఒకామె మిగతావాళ్లను విడిచి, నదిని పట్టుకుని లోపలికి వచ్చి ఉంటుందట.

"ఒక్కతే ఎందుకొచ్చింది?" అంది అమ్మమ్మ. "తోడికోడండ్లతోటి పడకపోవచ్చు. ఆమె పేరేంది?"

"పేరు తెలియదమ్మా."

"గంత దూరం నడిచొచ్చిన ఆడిమనిషి పేరు తెలుసుకోకపోతిరి. మరి నా ఉమ్మి దీస్కపోయి ఏం జేసిన్రు?"

మేడం నవ్వి తన లాప్‌టాప్ మా వైపు తిప్పారు. తెర మీద కొమ్మల్లాంటి గీతలు. ఒక సన్నటి గీత అన్నిటికీ దూరంగా ఒంటరిగా కిందికి దిగింది. దాని చివర నాలుగు గుండ్రాలు. ఆఖరి గుండ్రం నేను. బళ్లో లేచి జవాబు చెప్పడానికే వెనకాడే నేను, ముప్పై వేల ఏళ్ల గీతకు చివర ఉన్నాను. ఈ గీతలు గీయడం నేర్చుకోవాలని ఆరోజే అనుకున్నాను. దానికి బైపీసీ చదవాలన్నారు మేడం. మా మండల కాలేజీలో ఉన్నది ఒకే ఒక గ్రూపు, సీఈసీ.

ఈ వార్త పేపర్లో వచ్చిన వారానికి మా జిల్లాకు ఉత్సాహం వచ్చింది. 'మాతృవంశ వైభవం' అనే పథకం పుట్టింది. ఆ అరుదైన వంశంలో పుట్టిన అమ్మాయికి జిల్లా బాలికల సైన్సు గురుకులంలో బైపీసీ సీటు ఒకటి కేటాయించారు. ఒకరికంటే ఎక్కువమంది అడిగితే మార్కులు చూస్తారు. నాకు తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. పైగా ఆ వంశంలో ఈ ఏడు పది పాసైన అమ్మాయి భూమండలం మీద నేనొక్కదాన్నే. ఆఖరు తేదీ జూన్ ముప్పై. కావలసిందల్లా తహసీల్దారు సారు ఇచ్చే మాతృవంశ ధ్రువీకరణ పత్రం.

మా బాపు మొగిలి, నేను ఆఫీసుకు వెళ్లాం. అర్జీలు పరిశీలించే గిర్దావరు సదానందం సారు నా కాగితాలు తిరగేసి, "తండ్రి పత్రమేది?" అన్నాడు.

"నాకు లేదు సారు. ఇది తల్లి నుంచి వస్తదట," అన్నాడు బాపు.

"వంశం తల్లి నుంచి వస్తే రానీ. పత్రం తండ్రి నుంచే వస్తది. ఇరవై ఆరేండ్ల సర్వీసు నాది. తండ్రి పత్రం లేకుంట ఏ పత్రం ఇయ్యలే."

"హైదరాబాదు రిపోర్టున్నది సారు."

"గది సైన్సు. మేం అడిగేది ధ్రువీకరణ."

బాపు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. లోపలి నుంచి తహసీల్దారు విశ్వంభర్ సారు మమ్మల్ని పిలిచారు. ఆయన మంచివారే, కాని మాట్లాడితే మెమో చదివినట్టుంటుంది.

"చూడమ్మా, వంశము అనునది జీవశాస్త్ర సంబంధమైనప్పటికీ, అది ఎవరికి కలదు, ఎవరికి లేదు అను నిర్ణయము రెవెన్యూ శాఖ పరిధిలోనిది. క్షేత్రస్థాయి విచారణ జరిపి తగు చర్య తీసుకొనబడును."

క్షేత్రస్థాయి అంటే మా అమ్మమ్మ ఉండే ఐలయ్య మామ ఇంటి అరుగు. గిర్దావరు సారు వచ్చి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, పంచనామా రాశాడు. 'సదరు వంశము సదరు కొమురవ్వ, భర్త కీ.శే. చిలువేరు రాజలింగం, నివాసమందు కనుగొనబడినది. ఇంటి యజమాని సదరు రాజలింగం అయినందున, సదరు వంశము ఆయనకు చెందినదిగా నిర్ణయించడమైనది.'

మా తాత పోయి పదకొండేళ్లయింది. ఆయన ఏ గొట్టంలోనూ ఉమ్మలేదు.

ఇక మిగతాదంతా చకచకా తేలిపోయింది. కొడుకు కాబట్టి ఐలయ్య మామకు పత్రం వచ్చింది. కోడలు కాబట్టి సుజాత అత్తకు వచ్చింది. భార్య కాబట్టి మా అమ్మమ్మకు, భర్త తరఫున వచ్చింది. మా అమ్మకు రాలేదు. 'వివాహానంతరము ఇంటిపేరు చిలువేరు నుండి మామిడాలకు మారినందున, సదరు వంశము పెళ్లినాటి నుండి నిలిచిపోయినది' అని రాశారు.

అమ్మ అరుగు దిగి వచ్చి, "పెండ్లి నాడు మట్టెలు తొడిగిన్రు సారు, నాకు యాదికున్నది. గిది తీసేసినట్టు మాత్రం ఎవ్వలు చెప్పలే," అంది.

"నీకు తెల్వకుంటనే పోతదమ్మా. అంత నైసుగ ఉంటది," అన్నాడు గిర్దావరు సారు.

సుజాత అత్తకు దిగులు పట్టుకుంది. "నేను బొమ్మెనపల్లి పిల్లనుగద వదినె, నాకెట్లొచ్చింది?"

"నాది కనవడ్తలేదట. నీ దగ్గరికే వచ్చిందేమో చూడు," అంది అమ్మ.

ఒకసారి తాత వంశమని తేలాక, తాత పాలివాళ్లకు ఎందుకు ఉండదు? ఊళ్లో ఇరవై ఆరు చిలువేరు ఇళ్లకూ పత్రాలు అందాయి. చుట్టుపక్కల ఊళ్ల చిలువేరు వాళ్లు వచ్చారు. పక్క మండలం వాళ్లు, ఆ పక్క మండలం వాళ్లు వచ్చారు. చిలువేరు అన్న ఇంటిపేరు మూడు కులాల్లో ఉంది. మూడు కులాలూ ఒకే బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాయి. డాక్టర్ మేడం లెక్కలో ఆ వంశం సముద్రం నుంచి మా ఊరు చేరడానికి ముప్పై వేల ఏళ్లు పట్టింది. మా ఊరి నుంచి జిల్లా పొలిమేర చేరడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

'మాతృవంశ పురుషుల సంఘం' ఏర్పడింది. జిల్లా కేంద్రంలో సిమెంటు దుకాణమున్న చిలువేరు వీరేశం గారు దానికి అధ్యక్షులు. ఆయన మా ఊరు రావడం అదే మొదలు. పంచాయతీ ముందు షామియానా వేసి, వేదిక మీద పదహారుమంది మగవాళ్లకు శాలువాలు కప్పారు. మా అమ్మమ్మకు మంగళహారతి పళ్లెం ఇచ్చి, ఒక్కొక్కరికీ బొట్టు పెట్టి లోపలికి పంపమన్నారు.

"మన తాతలు, ముత్తాతలు, వాళ్ల తాతలు మనకు అందించిన మాతృవంశం ఇది!" అన్నారు వీరేశం గారు మైకులో. "మన రక్తంలో ఉన్నది! మన మీసంలో ఉన్నది!"

అందరూ చప్పట్లు కొట్టారు. మా మామ శాలువా కప్పుకునే తల వంచుకుని కూర్చున్నాడు. వేదిక మీద ఉన్నవాళ్లలో నిజంగా ఆ వంశం ఉన్నది ఆయన ఒక్కడికే.

ముప్పై వేల ఏళ్ల కిందటి ఆదిమాతకు విగ్రహం పెట్టాలని సభలో తీర్మానం చేశారు. విగ్రహం ఎట్లుండాలో ఐదు నిమిషాల్లో తేలింది. చీర కట్టించాలన్నారు, అంతే. కాని శిలాఫలకం మీద పేరు పక్కన భర్త పేరు ఏం రాయాలన్న దగ్గర రెండు గంటలు ఆగారు. 'తెలియదు' అని చెక్కిస్తే తల్లికి అవమానమన్నారు. ఖాళీగా వదిలేస్తే ఇంకా అవమానమన్నారు. చివరికి 'ఆదిమాత, భర్త: చిలువేరు ఆదిరాజు గారు' అని రాయించారు.

"పాపం, ఎవనికో ఇచ్చి పెండ్లి చేసిన్రు," అంది అమ్మమ్మ.

మరునాడు గురుకులం సీటుకు, అప్పటిదాకా వచ్చిన అర్జీలతో తాత్కాలిక జాబితా పెట్టారు. మొదటి పేరు వీరేశం గారి అమ్మాయిది. మార్కులు తొమ్మిది పాయింట్ రెండు. నా అర్జీ 'వంశము లేదు' అన్న వరుసలో ఉంది. ఆ వరుసలో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఆ రాత్రి అన్నం ముందు బాపు అన్నాడు, "సీఈసీ సుత మంచిదేనట బిడ్డా. బ్యాంకుల కొలువొస్తదట." నేను సరేనన్నట్టు తలూపాను. కాని ముద్దను కంచంలోనే అటూ ఇటూ నెడుతూ కూర్చున్నాను. అమ్మ నా కంచం వైపు చూసి, లేచి వెళ్లి, ఐలయ్య మామ ఫోను నుంచి డాక్టర్ మేడంకు ఫోను చేసింది.

మేడం రెండు రోజుల్లో వ్యానుతో దిగారు. పత్రం ఉన్నవాళ్లందరి ఉమ్మీ తీసుకుంటానన్నారు. రెండు వందల పదకొండుమంది గర్వంగా ఇచ్చారు. వీరేశం గారైతే ఫొటో కూడా తీయించుకున్నారు. వారం తిరక్కుండా ఫలితం వచ్చింది. రెండు వందల పదకొండు గొట్టాల్లో వంశమున్నవి రెండే, అమ్మమ్మది, ఐలయ్య మామది.

తహసీల్దారు సారు దీన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారు. ఆరోజే ప్రయోగశాలకు ఉత్తరం పంపారు. 'మీరు పంపిన ఫలితములు ఈ కార్యాలయ రికార్డులతో సరిపోలనందున, సదరు ఫలితములను రికార్డులకు అనుగుణముగా సవరించి మూడు రోజులలో పంపగలరు.'

జూన్ ఇరవై ఎనిమిదిన మేడం ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా ఆఫీసుకే వచ్చారు. అమ్మ, బాపు, అమ్మమ్మ, నేను అప్పటికే బెంచీ మీద ఉన్నాం. నేను ఆ బెంచీ మీద కూర్చోవడం అది ఆరోరోజు. నాకు మాట్లాడటం రాదు కాబట్టి, గోడకు అంటించిన పథకం నిబంధనలన్నీ చదివాను. మొదటి రోజు చదివాక ఇక చదవడానికేమీ లేక, మిగతా రోజులు మళ్లీ వాటినే చదివాను.

"సార్, ఉమ్మి అబద్ధం చెప్పదు," అంటున్నారు మేడం.

"మేడం, రికార్డు కూడా అబద్ధము చెప్పదు. దాని మీద ముద్ర ఉన్నది. మీ ఉమ్మి మీద ముద్ర ఉన్నదా?" అన్నారు తహసీల్దారు సారు.

"పోనీ, ఈ అమ్మాయికి వంశం ఉందని మీకు తెలుసా, తెలియదా?"

"వ్యక్తిగతముగా తెలుసు. అధికారికముగా తెలియదు. తండ్రి పత్రము లేనిదే తెలుసుకొనుటకు వీలులేదు."

నేను నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నాలుగు వాక్యాలు రాశాను. లేచి నాలుగడుగులు వేసి సారు బల్ల మీద పెట్టాను. తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

సారు కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివారు. "'నిబంధన ఏడులో తండ్రి అనగా, అభ్యర్థికి వంశము ఎవరి నుండి సంక్రమించినదో ఆ వ్యక్తి అని ఉంది. నాకు వంశం మా అమ్మ నుంచి వచ్చింది. అట్లయితే మా అమ్మ నాకు తండ్రి అవుతుందా? దయచేసి తెలుపగలరు.'"

సారు ఆ కాగితాన్ని మళ్లీ చదివారు. గోడ దగ్గరికి వెళ్లి నిబంధన ఏడు చదివారు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. చాలా రోజులుగా కదలని ఫైలు కదిలినప్పుడు వచ్చే వెలుగు అది.

"ఇందులో నిబంధనలకు విరుద్ధమైనది ఏదియు లేదు!"

"సార్, ఆడమనిషి తండ్రేంది సార్?" అన్నాడు సదానందం సారు.

"ఆడ, మగ అని నిబంధనలో ఎక్కడ ఉన్నదయ్యా? వ్యక్తి అని ఉన్నది. ఈమె వ్యక్తి కాదా?"

సదానందం సారు అమ్మ వైపు చూసి కాసేపు ఆలోచించి, "వ్యక్తే సార్," అని ఒప్పుకున్నాడు.

అయితే అమ్మకు పత్రం ఇవ్వాలంటే అమ్మ తండ్రి పత్రం కావాలి. అంటే అమ్మమ్మది. అమ్మమ్మకు భర్త తరఫున ఇచ్చింది రద్దు చేసి, ఆమె తండ్రి తరఫున కొత్తది ఇవ్వాలి.

"నీ తండ్రి, అంటే నీ తల్లి, పేరు?" అడిగాడు సదానందం సారు.

"లింగవ్వ."

"ఆమె తండ్రి?"

"బుచ్చవ్వ."

"బుచ్చవ్వ తండ్రి?"

"ఆమె నాకు తెల్వది సారు. గని ఎవ్వలో ఒకామె ఉంటది. ఆమెకు సుత ఓ తల్లి ఉంటది. ఉత్తగ ఊడిపడరు గద."

"తెల్వదు అని రాసే గడి లేదవ్వా," అన్నాడు సదానందం సారు దిగులుగా.

"బుచ్చవ్వ నుంచి పైన ముప్పై వేల ఏళ్లకు నేను సంతకం పెడతాను," అన్నారు డాక్టర్ మేడం. పెట్టారు. దాని కింద గెజిటెడ్ అధికారి హోదాలో తహసీల్దారు సారు కూడా పెట్టారు.

తర్వాత కంప్యూటర్ ముందు అరగంట ఆలస్యమైంది. నా పత్రంలో తండ్రి గడిలో అమ్మ పేరు కొట్టగానే అది తనంతట తానే 'పురుషుడు' అని రాసుకుంది. ఎంత చెరిపినా మళ్లీ రాసుకుంది. పైగా తల్లి గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. అక్కడ మళ్లీ అమ్మ పేరే రాస్తే, ఒకే వ్యక్తి రెండు చోట్ల ఉండరాదని ఎర్రక్షరాలు చూపించింది.

"మరి నన్నెక్కడ రాస్తున్నరు సారు?" అన్నాడు అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ బాపు.

సదానందం సారు మొహమాటపడ్డాడు. "ఇగ మిగిలింది తల్లి గడే మొగిలీ."

ఆఫీసులో అందరూ ఆయన మీసాల వైపు చూశారు. బాపు నా వైపు చూశాడు. "రాయున్రి సారు. పిల్ల చదువుకోవాలె గని, నేను తల్లినైతే నాదేం పాయె?"

ముందుగా అమ్మ పత్రం బయటికొచ్చింది. అమ్మమ్మ దాన్ని నా చేతికిచ్చి చదవమంది. "మామిడాల భూలక్ష్మి, తండ్రి: చిలువేరు కొమురవ్వ," అని చదివాను.

"మల్లొక్కసారి సదువు."

చదివాను.

"ముప్పై ఆరేండ్లాయె దీన్ని గని," అంది అమ్మమ్మ, పక్కనున్న అమ్మను చూపిస్తూ. "బడి కాయితంల నా పేరు లేదు. పెండ్లి కార్డుల శ్రీమతి అని ఏసి ఊకున్నరు. ఇది నా బిడ్డ అని సర్కారు ఒప్పుకునుడు ఇదే మొదలు. తండ్రంటే అన్నరు గని," అని పత్రాన్ని మడిచి రొండిన దోపుకుంది. అది మళ్లీ తీసి జిరాక్సుకు ఇప్పించడానికి మేము చాలా బతిమాలాల్సి వచ్చింది.

మార్కుల వరుసలో నా పేరు వీరేశం గారి అమ్మాయి పేరుకు పైన పడింది. సీటు నాదైంది. ఆ మరునాడే వీరేశం గారు ఆఫీసుకు వచ్చి, తన అమ్మాయి పత్రంలో తండ్రి గడిలో తన భార్య పేరు పెట్టించమన్నారట. పెట్టాక, ఆమె పుట్టింటివాళ్లది చిలువేరు కాదని తేలిందట. సంఘం ఇప్పుడు ఆ విషయం మీద రెండుగా చీలింది.

జూలై నాలుగున అమ్మ, బాపు నన్ను గురుకులంలో దింపడానికి వచ్చారు. గేటు దగ్గర బోర్డు ఉంది. 'బాలికల వసతిగృహము. తల్లులకు మాత్రమే ప్రవేశము.' గేటు కాసే ఆమె నా పత్రం తీసుకుని వేలితో గీసుకుంటూ చదివింది.

"భూలక్ష్మి అంటే ఎవరు?"

"నేనేనమ్మా," అంది అమ్మ.

"నువ్వు తండ్రివి. బయట నిలబడు. మొగిలి ఎవరు?"

"చూస్తె తెల్వదా, నేను ఆడమనిషిని గద?" అంది అమ్మ.

"నేను చూసేది కాయితం. రేపు వార్డెను మేడం అడిగితే, చూసినా అని చెప్తే ఊకుంటదా?"

అట్లా బాపు నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చాడు. అమ్మ బయట తండ్రుల మధ్య నిలబడి, ఊచలు పట్టుకుని అరిచింది. "దుప్పటి తలాపు దిక్కు మడువు! పచ్చడి సీసా ఎండల పెట్టకు! పిల్ల నూనె పెట్టుకోదు, నువ్వే పెట్టు!"

హాలు నిండా మంచాలు. మంచానికో తల్లి. బాపు అందరికీ దండం పెట్టి, తల వంచుకుని, నా పరుపు పరిచాడు. రెండుసార్లు తప్పు పరిచి మూడోసారి సరిగా పరిచాడు. పక్క మంచం ఆమె నవ్వాపుకుంటూ వచ్చి దిండు గలీబు తొడగడం చూపించింది. బాపు నేర్చుకున్నాడు. నూనె సీసా తీశాడు. నా తల మీద ఇంత పోశాడు, అది చెవుల వెంట కారింది. నేను తుడుచుకోలేదు. వార్డెను మేడం రిజిస్టరు తెచ్చి, "తల్లి సంతకం," అన్నారు. పెట్టాడు.

గంట కొట్టారు. తల్లులంతా పిల్లలను దగ్గరికి తీసుకుని ఏవేవో చెబుతున్నారు. బాపు వాళ్లను అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు.

"తల్లులు పోయేటప్పుడు ఏం జెప్తరు బిడ్డా?"

"మంచిగ తిను అంటరు," అన్నాను.

"మంచిగ తిను," అన్నాడు బాపు. అని, చేతి నూనె పంచెకు తుడుచుకుని, గబగబా మెట్లు దిగిపోయాడు. తల్లులు మధ్యలో ఆగి వెనక్కి తిరిగి చూస్తారని చెప్పడం నేనే మరిచిపోయాను.